బండికి అటుపక్క చూసిన మా అప్ప

మా పక్కింటి అప్ప చనిపోయిందన్న కబురు బావే తెచ్చాడు. ఆదివారం పొద్దున్న. మా ఆయన షెడ్డుకి వెళ్దామని సైకిలు టైర్లలో గాలి చూసుకుంటున్నాడు. బావ గేటు తీసుకుని వచ్చి, ఒక గుండీ తప్పి ఇంకో కాజాలో పెట్టుకున్న చొక్కాతో గుమ్మం ముందు నిలబడ్డాడు.

"మీ అప్ప ఎలిపోనాదమ్మా," అన్నాడు. "తెల్లారగట్ల లేసింది. ఈది తలుపు గడియ ఏసినానో నేదో సూసి వత్తానంది. ఎల్లి సూసింది. వచ్చి తొంగుంది. మరి లెగనేదు."

నాకు వెంటనే ఏడుపు రాలేదు. నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "గడియ వేసే ఉందా బావా?" అన్నది. ఇన్నేళ్ళు ఆమె పక్కన బతికినదాన్ని, ఆమె అడిగే మాటే నాకు ముందు వచ్చింది. బావ కూడా ఏమీ ఆశ్చర్యపోలేదు. "ఏసే ఉన్నాదమ్మా," అన్నాడు. అప్పుడు ఇద్దరం ఏడ్చాం.

టాటానగర్ స్టేషన్ పక్క రైల్వే కాలనీలో ఉన్న తెలుగువాళ్ళలో ఆమెని ఎరగనివాళ్ళు తక్కువ. ఎరగనివాళ్ళ కోసం చెప్తాను. అప్ప అంటే మా శ్రీకాకుళం వైపు అక్క. ఆమె భర్త కాబట్టి ఆయన బావ. మా ఇద్దరికీ రక్తసంబంధం ఏమీ లేదు. నేను పెళ్ళయి ఈ ఊరు వచ్చినప్పుడు మా క్వార్టరుకీ వాళ్ళ క్వార్టరుకీ మధ్య నడుమెత్తు గోడ ఉండేది. కాపురానికి వచ్చిన మర్నాడే ఆ గోడ అవతలినుంచి ఒక తల పైకి లేచి, "ఒలే కొత్తపెల్లికూతురా, పొయ్యార్పినావేటి?" అని అడిగింది. మా పరిచయం అదే. నా పేరు ఆ తర్వాత ఎప్పుడో అడిగింది.

చనిపోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ధైర్యవంతురాలు అని రాయడం మర్యాద. ఆ మర్యాద పాటిస్తే అప్ప ఈ కాగితం మీద ఎక్కడా కనబడదు. ఆమె భయస్తురాలు. మామూలు భయం కాదు. జుగ్సలాయిలో సినిమాకి రిక్షా ఎక్కితే సగం దూరం పోయాక తాళం గుర్తొచ్చి వెనక్కి తిప్పించేది. కొన్నాళ్ళకి ఆ రిక్షావాడికే అలవాటైపోయింది. ఆమె ఎక్కి కూర్చున్నాక తొక్కకుండా కాలు నేల మీద పెట్టుకుని, "మాయీ, ఏక్ బార్ ఔర్ దేఖ్ ఆయియే, తబ్ చలేంగే," అనేవాడు. ఇంకోసారి చూసి రండమ్మా, అప్పుడు పోదాం అని. ఆమె దిగి, చూసి, వచ్చి కూర్చునేది. ఊరికి రైలెక్కితే ట్రంకుపెట్టె పిడికీ తన కాలికీ తువ్వాలు కట్టి ముడేసుకునేది. ఒకసారి అలాగే నిద్రపోయి, ఖుర్దా రోడ్డు స్టేషన్లో టీ కోసం లేచి, పెట్టెతో సహా బోర్లా పడింది.

బావ గూడ్సు గార్డు. సర్వీసంతా బండి చివర బ్రేకువాన్‌లో కూర్చున్నవాడు. "మా ఇంటికి సిగ్నలు అక్కర్నేదు. మీ అప్పున్నాది కదా, ఎప్పుడూ ఎర్రదే," అని ఏడిపించేవాడు. ఆమె నవ్వేది. నవ్వి, "నీ జెండా పెట్టుకున్నావేటి?" అని అడిగేది.

కొందరికి ఏదో జరిగి భయం పట్టుకుంటుంది. ఆమెకి అలాంటిదేదో జరిగి ఉంటుందని నేను మొదట్లో చాలా కనుక్కోడానికి చూశాను. ఏమీ లేదు. ఇల్లు కాలలేదు, పిల్లలు తప్పిపోలేదు, దొంగలు పడలేదు. ఒకసారి అడిగేశాను కూడా. "బెంగున్న ఇంట్లో దొంగ పడడొలే," అంది. అది సామెతో, ఆమె అప్పటికప్పుడు కట్టిందో నాకు తెలీదు. మా ఊళ్ళో ఎవరూ అనగా వినలేదు.

ఇక షెడ్డు సంగతి. స్టేషన్‌కి దూరంగా, వాడకం మానేసిన ఒక సైడింగు పట్టాల పక్కన పాత గూడ్సు షెడ్డు ఉంది. అందులో ఒక చిన్న ఆవిరి ఇంజను, పైన రేకు తప్ప పక్కలు లేని రెండు పెట్టెలు, తోపుడు ట్రాలీ, ఇత్తడి దీపాలు, గంటలు, చేత్తో లాగే సిగ్నలు మీటలు ఉన్నాయి. బోర్డు మీద మ్యూజియం అని రాసి ఉంటుంది. కాలనీలో అందరికీ అది పాతింజను షెడ్డే. దాన్ని నడిపేవాళ్ళంతా డ్యూటీ దిగి వచ్చినవాళ్ళు. రిటైరైన డ్రైవరు తాత, రిటైరైన బెంగాలీ స్టేషను మాస్టరు ఒకాయన, ఫిట్టరుగా చేసే మా ఆయన, బావ, బారిడీహ్ నుంచీ గోవింద్‌పూర్ నుంచీ సైకిళ్ళ మీద వచ్చే ఉక్కు కార్ఖానా మనుషులు ఇంకొందరు. ఆ బెంగాలీ పెద్దాయన్ని అందరం సెక్రటరీగారు అనేవాళ్ళం. వారమంతా ఇనుముతో చేసి చేసి ఆదివారం మళ్ళీ ఇనుము దగ్గరికే పరిగెత్తడం ఏం సరదానో నాకు చాలాకాలం అర్థం కాలేదు. జీతం లేదు సరే, టీ కూడా ఎవరింటి నుంచి వాళ్ళు తెచ్చుకోవలసిందే.

ఏడాదికొక్కసారి, విశ్వకర్మ పూజ రోజున, ఆ ఇంజనుకి నిప్పు వేసి, పిల్లల్ని పెట్టెల్లో ఎక్కించి, సైడింగు చివరిదాకా తీసుకెళ్ళి తెచ్చేవాళ్ళు. ఆ రోజు ఈ ఊళ్ళో ఏ యంత్రమూ పనిచెయ్యదు, అన్నిటికీ పూజే. పనిచేసేది మా ఇంజనొక్కటే. ఊళ్ళో దూరంగా ఉన్న అగ్రికో నుంచి కూడా పిల్లల్ని స్కూటర్ల మీద ముందొకర్నీ వెనకొకర్నీ కూర్చోబెట్టుకుని తెచ్చేవాళ్ళు.

అయితే ఆ షెడ్డు, ఆ ఇంజను రైల్వేవి. వాడుకోమని ఇచ్చిన ఆఫీసరు ఒక షరతు పెట్టి ఇచ్చాడు. ఒక్క పిల్లకి దెబ్బ తగిలినా షెడ్డుకి తాళం, ఇంజను స్క్రాపు. ఈ ఊళ్ళో స్క్రాపంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. గ్యాసు కట్టరుతో కోసి కొలిమికి పంపిస్తారు. కార్ఖానా వైపు ఆకాశం ఎర్రబడినప్పుడల్లా డ్రైవరు తాత, "మన బండి కూడా ఓనాడు అలగే ఎలుగై పైకెల్తాది," అనేవాడు. హాస్యానికే అనేవాడు, కానీ ఎవరం నవ్వేవాళ్ళం కాదు.

అప్పని అక్కడికి తీసుకెళ్ళింది ఇత్తడి. పూజ ముందు దీపాలూ గంటలూ తోమడానికి కాలనీ ఆడవాళ్ళని పిలిచేవాళ్ళు. చింతపండు గుజ్జు, ఇటుకపొడి, పాత చీరముక్క. ఇంట్లో దేవుడి సామాను ఎలా తోముతామో అలాగే. ఒక ఏడు ఆమె గంట తోముతూ తలెత్తి, పెట్టెల్లో ఎక్కి దిగుతున్న పిల్లల్ని చూసింది. చేతిలో గంట కింద పెట్టేసింది. "ఓలమ్మో, ఈ గుంటల్ని ఎవలు సూత్తన్నారు?" అంది. ఎవరూ ప్రత్యేకంగా చూడటం లేదు. అందరూ చూస్తున్నారనుకుంటున్నారు. ఆ రోజునుంచి ఆమె చూసింది.

పూజ చేసిన బండి కాబట్టి చెప్పులు విప్పి ఎక్కాలి. ఎవరూ చెప్పకపోయినా అందరూ అలాగే చేసేవాళ్ళు. చెప్పులు కుప్పగా పడేవి, దిగాక పిల్లలు కొట్టుకునేవాళ్ళు. అక్కడ ప్లాట్‌ఫారం అంటూ ఏమీ లేదు, పట్టాల కింద వేసే పాత దుంగలు నేలకి సమంగా పరిచి ఉంటాయి. అప్ప ఆ దుంగల మీద చెప్పులు వరసగా పెట్టించింది. రెండు మూడు ట్రిప్పులు అయ్యేసరికి ఆమెకి ఒక ఆలోచన తట్టింది. దిగిన పిల్లలు చెప్పులేసుకుని పోయాక దుంగ మీద ఏమీ మిగలకపోతే అందరూ దిగినట్టు. ఒక్క జత మిగిలినా ఒక పిల్ల ఎక్కడో ఉండిపోయినట్టు. దుంగలు ఖాళీ అయితేనే తర్వాతివాళ్ళు ఎక్కాలి, ఆమె పచ్చజెండా ఎత్తితేనే బండి కదలాలి. జెండా బావ పాత గార్డు జెండా. సెక్రటరీగారికి ఈ పద్ధతి ఎంత నచ్చిందంటే ఆయన ఊళ్ళో కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు.

రెండేళ్ళో మూడేళ్ళో అలా చక్కగా నడిచింది. ఆ తర్వాతి పూజ శనివారం పడింది. సాయంత్రం ఒక ట్రిప్పు తిరిగి వచ్చాక, పిల్లలు దిగిపోయాక, దుంగ మీద ఒక జత నీలం రబ్బరు చెప్పులు మిగిలాయి. చిన్నవి.

అప్ప జెండా ఎత్తలేదు. ఆ వేళ షరతు పెట్టిన ఆఫీసరే పెళ్ళాంపిల్లలతో వచ్చి తర్వాతి ట్రిప్పుకి నిలబడి ఉన్నాడు. ఇంజనులో ఆవిరి ఎక్కువై పైనుంచి బుస్సుమని కక్కుతోంది. మా ఆయనా బావా పెట్టెల్లో చూశారు, పెట్టెల కింద చూశారు, తుప్పల్లో చూశారు. ఎవరూ లేరు. మైకులో అడిగితే ఎవరూ రాలేదు.

"శనివారం కదప్పా," అన్నారెవరో. "ఎవలో శని ఒదిలించుకుందామని కావాలనే ఒగ్గీసి ఎలిపోయుంటారు. గుళ్ళ కాడ ఒగ్గీరేటి?"

మన వాళ్ళకి అంతకంటే నమ్మకమైన మాట ఉండదు. పాత చెప్పులు దేవుడి దగ్గర వదిలేస్తే శని పోతుంది, అందులోనూ శనివారం. అందరూ హమ్మయ్య అనుకున్నారు. అప్ప అనుకోలేదు. "సన్నగుంట సెప్పులే ఇవి. సన్నగుంటకి శనేటి?" అని అక్కడే నిలబడిపోయింది. ఆఫీసరు వాచీ చూసుకున్నాడు, ఇంకోసారి చూసుకున్నాడు, పెళ్ళాంపిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయాడు. చీకటి పడింది. నిప్పు దింపి ఇంజను ఆపేశారు. వరసలో మిగిలిపోయిన పిల్లలు ఏడుస్తూ ఇళ్ళకి పోయారు.

ఆ చెప్పుల సొంతదారు ఎవరో ఈనాటికీ తెలీదు. నిజంగా శని కోసమే వదిలారో, ఏ పిల్లో మర్చిపోయి ఉత్తి కాళ్ళతో ఇంటికి పోయిందో. అప్ప వాటిని ఇంటికి తెచ్చి మా రెండిళ్ళ గోడ మీద పెట్టింది. వానకి తడిసి ఎండకి ఎండి అవి వంకర తిరిగేదాకా ఉంచింది. ఊళ్ళో ఏ పిల్ల అయినా తప్పిపోయిందన్న మాట వినిపిస్తుందేమోనని రోజూ పాలవాణ్ణి అడిగేది. నాకు విసుగొచ్చేది. నిజం చెప్పాలంటే అందరికీ ఆమె మీద విసుగొచ్చిన రోజులవి.

సెక్రటరీగారు మీటింగు పెట్టి మర్యాదగానే చెప్పాడు. పైనుంచి మాట వచ్చిందనీ, బండి వేళకి నడపలేకపోతే ఎందుకు నడపడం అని అడిగారనీ, ఇంకోసారి ఆగితే షెడ్డు ఉండదనీ. వచ్చే ఏడు జెండా ఆయన పట్టుకుంటాడు. మాయీ ప్రసాదం పంచితే బాగుంటుందన్నాడు.

"అలగే బాబూ," అంది అప్ప. ఇంటికి వచ్చి గోడ దగ్గర విడిపోయేటప్పుడు, "ఒలే, నానాపితే సెడ్డు పోతాది. ఆపకపోతే గుంట పోతాది. ఏటి సెయ్యాలో సెప్పు," అంది. పడుకో అప్పా అన్నాను.

మరుసటి పూజకి ఆమె షెడ్డు వెనక టార్పాలిను కింద బూందీ గిన్నె ముందు నిలబడింది. నేను పక్కన ఆకుదొన్నెలు అందిస్తున్నాను. చెప్పుల పద్ధతి చెప్పులదే, సెక్రటరీగారు దాన్ని గడియారంలా నడిపిస్తున్నాడు. ఆ ఆఫీసరు మళ్ళీ వచ్చాడు. ఆయన్ని రప్పించడానికి సెక్రటరీగారు ఎన్నిసార్లు ఆఫీసు మెట్లెక్కాడో మా ఆయన చెప్పేవాడు. ఈసారి పిల్లలతో మొదటి పెట్టెలోనే కూర్చున్నాడు.

సైడింగు అవతల గడ్డి, దాని అవతల బస్తీ. ప్రసాదానికి బస్తీ పిల్లలు వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒక ఆడపిల్ల, రెండు జడల్లో ఒకదానికే రిబ్బను ఉంది, దొన్నె తీసుకుని కదలకుండా నిలబడింది.

"నానీ, బినా చప్పల్ కే చఢ్‌నే దేంగే?" అని అడిగింది. చెప్పుల్లేకుండా బండెక్కనిస్తారా అమ్మమ్మా అని.

అప్ప హిందీ శ్రీకాకుళం హిందీ. చేతిలో గరిట, ముందు ఇంత వరస. "జా జా, కోన్ నై బోల్తా? బైట్ జా," అంది. పో, ఎవరు కాదంటారు, ఎక్కి కూర్చో అని పంపేసింది.

ఆ పిల్ల వెళ్ళింది. అప్ప ఇంకో ఇద్దరికి బూందీ పెట్టి తలెత్తి బండివైపు చూసింది. తర్వాతి ట్రిప్పు పిల్లలు ఎక్కేశారు. దుంగల మీద చెప్పులు బుద్ధిగా వరసలో ఉన్నాయి. అప్ప మెడ చాచి ఒక పెట్టె చూసింది, రెండో పెట్టె చూసింది. "ఒలే, ఆ రిబ్బను గుంట ఎక్కినాదేటి?" అంది.

"ఇంటికి పోయుంటుందిలే అప్పా," అన్నాను. ఎవరైనా అదే అంటారు.

"ఎక్కుతానని ఎల్లింది కదే. ఇంటికెందుకెల్తాది?"

సెక్రటరీగారు జెండా ఎత్తాడు. డ్రైవరు తాత ఈల వేశాడు. నా పక్కన గరిట గిన్నెలో పడ్డ చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే అప్ప లేదు. తాళం కోసం రిక్షా దిగడానికి కూడా మోకాళ్ళు పట్టుకునే మనిషి, చీర ఎగదోపుకుని పరిగెడుతోంది. "ఆపండి, ఆపీయండి" అని అరుస్తోంది. ఆవిరి చప్పుడులో ఎవరికీ వినబడలేదు. ఆమె పక్కకి కూడా పోలేదు. తిన్నగా వెళ్ళి పట్టాల మధ్య, ఇంజను ముందు, రెండు చేతులూ చాపి నిలబడింది. ఇంజను కూస్తే దూరంనుంచే చెవులు మూసుకునే మనిషి.

తాత బండి కదపబోయినవాడల్లా ఆగిపోయాడు. సెక్రటరీగారు పరిగెత్తుకొచ్చాడు. "ఫిర్ సే?" అన్నాడు. మళ్ళీనా అని. ఆయన గొంతులో కోపం కంటే ఏడుపు ఎక్కువ ఉంది. మొదటి పెట్టెలో ఆఫీసరు లేచి నిలబడ్డాడు. చెప్పులన్నీ ఉన్నాయి మాయీ, దుంగలు ఖాళీ చేయించాకే ఎక్కించాను, చూడండి అని సెక్రటరీగారు బతిమాలుతున్నాడు.

"నాను పంపిన గుంట ఏది?" అంది అప్ప. అంతే అని, బండికి అటుపక్కకి, గడ్డివైపుకి తిరిగి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను. కంకర మీద మోకాళ్ళేసి తల వంచింది.

రెండో పెట్టె కింద, వెనక చక్రం పక్కన, ఆ పిల్ల ముడుచుకుని కూర్చుని ఉంది. దొన్నె ఒడిలో ఉంది. ఒక చెయ్యి పట్టా మీద ఉంది.

అప్ప అరవలేదు. నేను అరవబోతే నా చెయ్యి గట్టిగా నొక్కింది. "ఆవో అమ్మా, ఆవో. మెల్లగా ఆవో," అని చెయ్యి చాపింది. పిల్ల పాకుతూ వచ్చింది. ఆమె ఒళ్ళోకి వచ్చాకే ఏడుపు మొదలెట్టింది. అందరూ చెప్పులు విప్పి వరసలో పెడుతున్నారట. తన దగ్గర పెట్టడానికి చెప్పులు లేవు. ఆ వరసలో నిలబడటానికి సిగ్గేసి గడ్డివైపునుంచి ఎక్కబోయిందట. మెట్టు అందలేదు. ఈల వేసేసరికి దడుచుకుని కిందికి దూరిపోయింది.

అప్ప ఆ కంకర మీదే కూలబడింది. బావ వచ్చి నీళ్ళిస్తే గ్లాసు పళ్ళకి కొట్టుకుని టకటకా మోగింది. "సెప్పుల్లేని గుంటకి ఆ వరసలో సోటేది?" అంది. "నానెట్టిన రూలే దీన్ని ఇటు తోలింది." అందరూ ఆమెని మెచ్చుకోబోయారు. ఆమె వినలేదు. లేచి ఇటుపక్కకి వచ్చి, దుంగల మీది చెప్పులన్నీ తన చేతులతోనే చెదరగొట్టేసింది. "యేసుకోనే ఎక్కండి. దేవుడేటనుకోడు. సెప్పులున్నోలు యేసుకోండి, నేనోలు ఉత్తికాల్లతో ఎక్కండి," అంది.

ఆఫీసరు పెట్టెలోంచి, "కుఛ్ హువా క్యా?" అని అడిగాడు. సెక్రటరీగారు ఆ పిల్లవైపు చూశాడు, ఇంజనువైపు చూశాడు. "నహీ సాబ్, కుఛ్ నహీ హువా," అన్నాడు. నిజమే, ఏమీ జరగలేదు.

ఆ ట్రిప్పులో ఆ పిల్లని అప్ప ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె ఆ బండి ఎక్కడం అదే మొదలు, అదే చివర. పోయి వచ్చేదాకా కళ్ళు తెరవలేదట, ఆ పిల్లే నాకు చెప్పింది.

పాత ఇంజన్లని బతికించేవాళ్ళ గురించి మాట్లాడుకునేటప్పుడు బాయిలరు బాగుచేసినవాణ్ణి తల్చుకుంటాం, రంగులేసినవాణ్ణి తల్చుకుంటాం. మా ఆయన రేకులు అతికి చేతులు కాల్చుకున్నాడు, డ్రైవరు తాత దగ్గుతూనే నిప్పు ముందు కూర్చున్నాడు, సెక్రటరీగారు ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరగదీశాడు. వాళ్ళందరికీ నేను రుణపడి ఉన్నాను. మీ పిల్లలు ఆ బండి ఎక్కి ఉంటే మీరూ రుణపడ్డట్టే. కానీ ఏమీ జరగకుండా చూసిన మనిషికి చూపించడానికి ఏమీ ఉండదు. జరగనిదాన్ని ఏ గోడకి తగిలిస్తాం? అందుకే ఇది రాస్తున్నాను. ఆ షెడ్డు ఇవాళ తెరిచి ఉందంటే ఆమె భయపడింది కాబట్టి.

ఆ మరుసటి ఏడు సెక్రటరీగారు జెండా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఇంకే గుర్తులూ పెట్టలేదు. ప్రతి ట్రిప్పుకీ రెండు పక్కలా వంగి చూడటమే. ఇటుపక్క ఆమె, అటుపక్క నేను. నేను చూశానని చెయ్యి ఊపినా ఒక్కోసారి తనూ అటు తిరిగి వచ్చి చూసేది. మొదట్లో నాకు చిన్నతనంగా ఉండేది. "నా కళ్ళ మీద నమ్మకం లేదా అప్పా?" అని అడిగాను.

"నీ కల్ల మీదేటి, నా కల్ల మీదే నేదు," అంది. "ఒకపాలి సూత్తే కల్లకి. రెండోపాలి సూత్తే మనసుకి."

చివరి రెండేళ్ళూ ఆయాసం. మెట్టు దిగితే ఆయాసం, మాట్లాడితే ఆయాసం. బావ ఇంటినుంచి కుర్చీ తెచ్చి దుంగల పక్కన వేసేవాడు. ప్రతి ట్రిప్పుకీ కుర్చీ చేతులు పట్టుకుని లేచేది, బావ భుజం పట్టుకుని వంగేది, మళ్ళీ కూర్చునేది. డాక్టరు వద్దన్నాడని గుర్తుచేస్తే, "ఆయన బండి కింద సూత్తాడేటి?" అనేది. పోయినేడు పూజ అయ్యాక ఇంటికి నడుస్తూ, "వచ్చేయేటికి ఇటుపక్క కూడా నువ్వే సూసుకోవాల," అంది. అలాంటి మాటలొద్దన్నాను. "భయపడకొలే," అంది. ఆమె నోట ఆ మాట నేను విన్నది అదొక్కసారే. ఎంత తేలిగ్గా అందో.

ఆమె పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకే ఈ ఏడు పూజ వచ్చింది. ఆపేద్దామా అని సెక్రటరీగారు అడిగాడు. బావ వద్దన్నాడు. కానీ తను రాలేనన్నాడు. పొద్దున్న ఇంజనుకి నిప్పు వేశారు, దండలు వేశారు, కొబ్బరికాయ కొట్టారు. పిల్లలు ఎక్కారు. నేను ఇటుపక్క వంగి చూశాను. ఏమీ లేదు. కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి అటుపక్క చూస్తానని వెళ్ళింది. దానికి తెలుగులో అడిగితే హిందీలో జవాబు. "దేఖ్ లియా మమ్మీ, కోయీ నహీ హై," అని, ఎవరూ లేరన్నట్టు అక్కణ్ణుంచి చెయ్యి ఊపింది.

చూసింది కదా. కళ్ళున్న పిల్లే. జెండా ఎత్తుదామనుకున్నాను. చెయ్యి లేవలేదు. తాత ఇంజనులోంచి తల బయటపెట్టి నావైపు చూస్తున్నాడు. పెట్టెల్లో పిల్లలు గోలగోలగా అరుస్తున్నారు. "క్యా హువా మమ్మీ?" అంటోంది మా అమ్మాయి.

నేను ఇంజను ముందునుంచి అటు తిరిగి వెళ్ళాను. కంకర మీద మోకాళ్ళేసి తల వంచాను. చక్రాల మధ్యలోంచి అవతలిపక్క దుంగల మీద నిలబడ్డ పిల్లల కాళ్ళు మాత్రమే కనిపించాయి. తర్వాతి ట్రిప్పు కోసం ఆగినవాళ్ళు. బూట్ల కాళ్ళు, చెప్పుల కాళ్ళు, మసి అంటిన ఉత్తి కాళ్ళు, అన్నీ కలిసిపోయి, ఒక్కచోట ఆగలేక కదులుతూ ఉన్నాయి. వాటిలో చిన్న కాలొకటి వరస దాటి పట్టావైపు ఒక అడుగు ముందుకి వేసింది.

"ఎనక్కి," అని అరిచాను. ఆ కాలు వెనక్కి పోయింది. నేను ఇంకా లేవలేదు, అలాగే తల వంచుకుని చూస్తూనే ఉన్నాను.